ఆగస్టు పద్దెనిమిది

మే నెల మీటింగులో నా లిస్టు పైకెత్తి చూపించి అందరితో చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు, కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

తహసీలు హాలు. బయట నలభై ఆరు డిగ్రీలు. చంద్రాపూర్ ఎండల్లో కూలర్ కూడా వేడిగాలే కొడుతుంది. ఊళ్ళు తిరిగి గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే ఆశా వర్కర్లం మేము. ఇక్కడ మమ్మల్ని ఆశా తాయిలంటారు. తాలూకాలోని తాయిలందరం తడిపిన కొంగులు నెత్తిన వేసుకుని కూర్చున్నాం. వానాకాలం వరదొస్తే ఎవరి పనేమిటో చెప్పే మీటింగు అది. బోట్లు రెవెన్యూ వాళ్ళవి, అంబులెన్సులు ఆరోగ్యశాఖవి, రోడ్లు మూయడం పోలీసులది. ఈ ముగ్గురినీ కలిపి నడిపేది కంట్రోల్ రూం. అందులో ఆరోగ్యశాఖ టేబుల్ దగ్గర కూర్చునే మనిషి పేరు ప్రమోద్. కాంట్రాక్టు ఉద్యోగి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, మాట మెత్తన.

"వరద రోజు మీ ఊరు మాకు కనిపించదు తాయీ, మీరిచ్చిన లిస్టే కనిపిస్తుంది," అన్నాడు మరాఠీలో. "అయిదు ఊళ్ళకు ఒక్క బోటు. అది ఎటు పోవాలో చెప్పేది ఆ లిస్టే."

లిస్టంటే కడుపుతో ఉన్నవాళ్ళ పేర్లు, కాన్పు తేదీలు. తేదీ పదిహేను రోజుల్లో ఉంటే ఆ పేరుకు ఎర్ర గీత. ఎర్ర గీత పడ్డవాళ్ళను నీళ్ళు రాకముందే జీపులో దవాఖానకు చేరుస్తారు. నీళ్ళొచ్చాక బోటు కూడా ఎర్ర గీత దగ్గరికే ముందు పోతుంది. తేదీ తప్పుంటే ప్రతి సోమవారం ఫోనులో సరిచేసుకోవచ్చు.

ప్రమోద్ నా లిస్టు ఎత్తి, ఒక్క గడి కూడా ఖాళీ లేదు చూడండి అన్నాడు. ఇక నన్ను పట్టేదెవరు? లేచి నిలబడ్డాను. నా నోటి సంగతి విసాపూర్ నుంచి బామ్ని దాకా అందరికీ తెలుసు.

"మా తెలుగోళ్ళ వాడల ఆడోళ్ళు నెలలు దాస్తరు సార్," అన్నాను. "ఐదు నిండితే నాలుగంటరు. దిష్టి తగుల్తదట. నేను నాలుగు తిట్టి మరీ నిజం చెప్పిస్త." హాలంతా నవ్వింది. అప్పుడే చప్పట్లు కొట్టారు.

ఆ లిస్టులో పదకొండో పేరు నా బిడ్డ గిరిజది. పక్కన తేదీ, ఆగస్టు పద్దెనిమిది. అది అబద్ధం. అసలు తేదీ జూలై పద్దెనిమిది. ఆ అబద్ధం రాసింది నేనే.

మా వాడ విసాపూర్ అవతల, వార్ధా నది పక్కన పల్లంలో ఉంది. బొగ్గు గనుల పనికి వచ్చిన ఇళ్ళే అన్నీ. మా ఆయన తిరుపతి నది అవతలి గనిలో పనిచేస్తాడు. ఇంట్లో నేను, మా అమ్మ నర్సక్క. గిరిజను ఘుగ్గుస్‌లో ఇచ్చాం. అల్లుడు మారుతి టిప్పర్ నడుపుతాడు, మంచివాడే, కోపం ఎక్కువ. పెళ్ళయిన నాలుగేళ్ళలో దానికి రెండు కడుపులు పోయాయి. ఒకటి మూడో నెలలో, ఒకటి ఐదో నెలలో. రెండోసారి పోయినప్పుడు నా బిడ్డ పదిహేను రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. అందుకే ఈసారి నాలుగో నెలలోనే తెచ్చుకున్నాను. ఆ దుమ్ములో, ఆ లారీల మధ్య ఉండొద్దన్నాను.

తెచ్చుకున్న మర్నాడు రిజిస్టర్ తెరిచి దాని పేరు రాస్తుంటే మా అమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"నెల తక్కువ రాయి," అంది.

"ఏందే అమ్మా! నలుగురికి బుద్ధి చెప్పేదాన్ని నేను."

"చెప్పుకోపో. ఎవరొద్దన్నరు? రెండు సార్లు సరిగ్గ చెప్పినం. ఏమైంది? రెండు పాయె. నీ బుక్కు పదిమంది చేతులల్ల తిరుగుతది. ఎందరి కండ్లు పడ్తయో. ఒక్క నెలనే గదనే. నీ సొమ్మేం పోయింది?"

నేను నవ్వాను. పిచ్చిదానివన్నాను. చదువు లేకపోతే ఇట్లనే ఉంటదన్నాను. కానీ పెన్ను పట్టుకుని ఎంతసేపటికీ రాయలేకపోయాను. గోడ వైపు తిరిగి పడుకున్న గిరిజ వీపే కళ్ళ ముందు కనబడింది. చివరికి కాన్పు తేదీ నెల రోజులు ఆలస్యంగా వేసి రాసేశాను. అసలు తేదీ ఉన్న సోనోగ్రఫీ కాగితం బియ్యం డబ్బా అడుగున పెట్టాను. నర్సు సిస్టర్ అడిగితే పోయిందన్నాను. "పొట్ట నెలకంటే పెద్దగుంది తాయీ," అని ఆమె అంటే, "మా ఇంట్ల అందరికి గంతే సిస్టర్, మేం గట్టి ముండలం," అని నవ్వించాను. గిరిజకు ఈ సంగతేదీ చెప్పలేదు. దాని లెక్క దానికి సరిగ్గానే తెలుసు. రిజిస్టర్‌లో ఏముందో మాత్రం తెలియదు.

సోమవారం మార్చేద్దాం అనుకున్నాను. ఎన్ని సోమవారాలు వచ్చిపోయాయో! చప్పట్లు కొట్టిన చేతుల ముందుకు పోయి, నేనే తప్పు రాశాను అనడానికి నోరు రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఊరిని తిట్టడానికే పుట్టింది, ఒప్పుకోవడానికి కాదు.

జూలై మొదటి వారం వాన పట్టుకుంది. పట్టుకుందంటే వదలలేదు. తొమ్మిదో తారీకు పొద్దున జీపు వచ్చింది. పైన డ్యాముల గేట్లు ఎత్తుతున్నారు, ఎర్ర గీత వాళ్ళను తరలించాలి అని ఆర్డరు. మా వాడలో ఎర్ర గీత ఒక్కటే, మా ఎదురింటి పల్లవిది. మరాఠీ పిల్ల, తేదీ ఇరవై ఒకటి. జీపు మా రెండిళ్ళ మధ్యన, మా గుమ్మం ముందే ఆగింది. సిస్టర్ ముందు సీట్లో కూర్చుని ఉంది. పల్లవి బట్టల సంచితో ఎక్కింది. దాని పక్కన ఇంకొకరికి చోటుంది.

గిరిజ గుమ్మంలో నిలబడి చూస్తోంది. డ్రైవర్ నీళ్ళడిగితే చెంబుతో తెచ్చి ఇచ్చింది.

"అమ్మా, నాది పల్లవి కంటే ముందు గదా," అంది తెలుగులో, సిస్టర్‌కు అర్థం కాకుండా. "నన్ను పిలుస్తలేరేంది?"

సిస్టర్ వెనక్కి తిరిగి, "మీ అమ్మాయికి ఇంకా టైముంది కదా తాయీ?" అంది.

అప్పుడు ఒక్క మాట చాలు. సిస్టర్, తేదీ తప్పుపడ్డది, దీన్ని కూడా తీసుకుపోండి అంటే అయిపోయేది. సిస్టర్ నాలుగు మాటలనేది, నేను పడేదాన్ని. కానీ పల్లవి అత్త అక్కడే ఉంది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు గొడుగులు వేసుకుని చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరిని నెలలు దాచినందుకు నేను వీధిలో నిలబెట్టి కడిగేశాను. మా అమ్మ వెనక నుంచి నా కొంగు పట్టుకుంది.

"ఉంది సిస్టర్, ఆగస్టు," అన్నాను. గిరిజతో మెల్లగా, "నీకు నేను లేనా బిడ్డా? వాళ్ళకు దవాఖాన ఉంటే నీకు ఇంట్లనే దవాఖాన ఉంది. రెండు రోజులు చూసి నేనే తీస్కపోత," అన్నాను.

"సరేలే, నా డాక్టరమ్మా," అని గిరిజ నవ్వింది. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది. జీపు కదిలింది.

రెండు రోజులు చూడనివ్వలేదు నది. పదకొండో తారీకు మధ్యాహ్నానికి విసాపూర్ రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు, సాయంత్రానికి రోడ్డే లేదు. వంతెన మూసేశారు. మా ఆయన గనిలోనే చిక్కుపడ్డాడు, మారుతి ఘుగ్గుస్‌లో. వాడంతా కలిసి జిల్లా పరిషత్ బడి మీది అంతస్తులోకి ఎక్కాం. నలభై మందిమి, కోళ్ళు, మేకపిల్లలు, బియ్యం మూటలు.

పన్నెండో తారీకు తెల్లవారింది. టీ కాస్తున్నాను. గిరిజ నా దగ్గరకొచ్చి నిలబడింది. పెదవి కొరుక్కుంటోంది. కింద చూస్తే దాని కాళ్ళ దగ్గర నేల తడిసింది.

టీ గిన్నె కింద పెట్టి ఫోను తీశాను.

ఫోనులో ఒక్క గీత సిగ్నల్ ఉంది. కిటికీ దగ్గరికి పోతే రెండు. కంట్రోల్ రూం నంబరు కొట్టాను. రెండో రింగుకే ప్రమోద్ ఎత్తాడు. అతని వెనక పది ఫోన్లు మోగుతున్నాయి.

"సార్, జ్యోతిలక్ష్మిని. నొప్పులు మొదలైనయి. ఉమ్మనీరు పోయింది. బోటు పంపండి."

"ఎవరికి తాయీ? పేరు?"

"గిరిజ. నా బిడ్డ."

కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. "గిరిజ... ఆగస్టు పద్దెనిమిది. ముప్పై అయిదో వారం కదా? నొప్పులు ఇప్పుడే మొదలు. తాయీ వినండి, బోటు బయల్దేరుతోంది. నది కింది ఊళ్ళో ఒకామె ఉంది, తొమ్మిది నెలలూ నిండాయి, ఎర్ర గీత. మీ దగ్గరికి ముందు వస్తే ఆమెకు ఆలస్యం. ఆమెను దించి నేరుగా మీ దగ్గరికే పంపిస్తా. సిస్టర్‌ను, పసిబిడ్డకు ఊపిరి అందించే సంచిని బోటులోనే పంపుతా. అంబులెన్సు బామ్ని రోడ్డు మీద నిలబెడతా. సరేనా? వేరే సంగతి ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి, మార్చేస్తా."

అతను అడిగాడు. దాచుకోవడానికేముంది, అతను నోరు తెరిచి అడిగాడు.

నేను తలెత్తి చూశాను. గిరిజ రెండు చేతులతో నా భుజం పట్టుకుని నా మొహమే చూస్తోంది. దాని వెనక మా అమ్మ. వాళ్ళ వెనక నలభై మంది, ఫోనులో ఏమంటున్నారో విందామని ఊపిరి బిగబట్టి ఉన్నారు. నా బిడ్డ ముందు, నేను తిట్టిన ఆ ఆడవాళ్ళందరి ముందు, నీ తేదీ నేను తప్పు రాసినానే అని ఎట్లా అనాలి? తొలి కాన్పు కదా, టైముంటుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"సరే సార్," అన్నాను.

"ఏమన్నడు?" అంది గిరిజ.

"వస్తుండ్రు బిడ్డా."

పది నిమిషాలు ఆగలేకపోయాను. మేకలకు ఆకు వేసి వస్తానని చెప్పి ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోయాను. ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పేస్తా అనుకున్నాను. సిగ్నల్ లేదు. చేయి బయటికి చాపి వానలో పట్టుకున్నాను, లేదు. స్లాబు మీదికి ఎక్కాను, లేదు. దూరంగా ఫోను టవర్ కింది గది సగం దాకా నీళ్ళలో ఉంది. నంబరు కొడుతూనే ఉన్నాను. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారే, నాకు ఆకులు కూడా దొరకలేదు.

నొప్పులు నేననుకున్నంత టైమివ్వలేదు. తొమ్మిదింటికే దానికి నిలబడే ఓపిక పోయింది. ఒకటో తరగతి గదిలో చీరలు అడ్డం కట్టాం. నేను కాన్పులు చేసేదాన్ని కాదు, దవాఖానకు చేర్చేదాన్ని. పదమూడేళ్ళలో రెండొందల మందిని చేర్చాను. నా బిడ్డనొక్కదాన్నే చేర్చలేదు.

"అమ్మా, బోటు ఏదే?" అనేది ప్రతి నొప్పికీ.

"వస్తుంది తల్లీ."

"నువ్వు ఫోన్ చేసినవ్ గదా?"

"చేసిన."

"మరింక రాదేందే? చచ్చిపోతనేమోనే అమ్మా!"

"నోర్ముయ్, గసుంటి మాటలనకు!" అని అరిచాను. అరిచి, దాని నుదురు తుడిచాను. మా అమ్మ మూలన కూర్చుని సమ్మక్క సారలమ్మలకు మొక్కుతోంది. బెల్లం తూచి మొక్కు చెల్లిస్తా తల్లీ అంటోంది. నేను ఏ దేవుడికీ మొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని మొక్కను?

పదకొండున్నరకు బిడ్డ పడింది. ఆడపిల్ల. నిండుగా ఉంది, నెత్తి నిండా జుట్టు. మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. విప్పాను. వీపు రుద్దాను. అరికాళ్ళు తట్టాను. నోట్లో నోరు పెట్టి ఊదాను. ట్రైనింగులో రబ్బరు బొమ్మ మీద నేర్పించినట్టే చేశాను. ఊదాను, రుద్దాను, మళ్ళీ ఊదాను. ఒకసారి చిన్నగా ఎక్కిళ్ళలాంటి చప్పుడు వచ్చింది. "ఏడుస్తది, ఏడుస్తది," అంది మా అమ్మ. ఏడవలేదు.

బోటు పన్నెండుంబావుకు వచ్చింది. సిస్టర్ నడుం దాకా తడిసి మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె భుజానికి ఆ ఊపిరి అందించే సంచి వేలాడుతోంది. పసిబిడ్డ మొహానికి సరిపోయే చిన్న మాస్కు దానికి. నా ఒళ్ళో ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

గిరిజకు రక్తం ఆగడం లేదు. బోటులోకి దించాం. అంబులెన్సు బామ్ని రోడ్డు మీద, చెప్పినచోటే ఉంది. అందులో డాక్టరున్నాడు, సెలైన్లున్నాయి. పోలీసులు దారి క్లియర్ చేసి పెట్టారు. అరగంటలో చంద్రాపూర్ పెద్ద దవాఖాన. మీటింగులో చెప్పింది చెప్పినట్టు జరిగింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటారు. మా అల్లుడి తప్పేమీ లేదు. ఆ శనిని నేను.

నా బిడ్డ బతికింది. పసిదాన్ని మా అమ్మ, వాడవాళ్ళు బడి వెనక దిబ్బ మీద పూడ్చిపెట్టారు. ఇక నీళ్ళు రాని చోటు అదొక్కటే.

మూడో రోజు డాక్టరు గిరిజ మంచం దగ్గరికి వచ్చి కేసు కాగితం చూసి, ఓదార్పుగానే అన్నాడు. "నెలలు నిండని బిడ్డ. అందులో వరద. ఎవరేం చేయగలరు? ధైర్యంగా ఉండమ్మా."

ఆయన పోయాక గిరిజ నా వైపు తిరిగింది. "నెలలు నిండలేదంటడేందే? నిండినయ్ గదా?"

"ఆయనకేం తెల్సు? పండుకో."

మారుతి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. వెళ్ళి కాగితం అడిగి తెచ్చుకుని చదివాడు. "ఆగస్టు పద్దెనిమిదట. అత్తమ్మా, చూస్తున్నవా? కంప్యూటర్ల తారీకు మార్చిండ్రు. బోటు పంపకపోతిమి, ఇప్పుడు నెల తక్కువ పిల్ల అని రాస్తే అడిగేటోడుండడు అనుకున్నరు. గరీబోళ్ళం గదా! ఆ కంట్రోల్ రూం ప్రమోద్ గాని పనే ఇది. వాన్ని వదల."

నేను దుప్పటి సర్దుతూ ఉండిపోయాను. మరణం ఫారం నింపేది ఆశా వర్కరే. అంటే నేనే. ఎన్నో వారం అన్న గడిలో ముప్పై అయిదు అని రాశాను. బరువు అన్న గడిలో తూచలేదు అని రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఇప్పుడు తలుచుకుంటే అదే భయంగా ఉంది.

మారుతి కలెక్టరుకు అర్జీ పెట్టాడు. పేపర్లో వచ్చింది. ప్రమోద్‌ను డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. రికార్డు మార్చినట్టు తేలితే పోలీసు కేసన్నారు. ఆగస్టు మొదటి వారంలో విచారణ, అదే తహసీలు హాల్లో. తాలూకా తాయిలందరినీ రమ్మన్నారు.

"నువ్వే పెద్ద సాక్షివి అత్తమ్మా," అన్నాడు మారుతి ముందురోజు. "నువ్వు జూలై అని రాసిస్తివి, వాడు ఆగస్టు చేసిండు. గదొక్కటి చెప్పు చాలు."

గిరిజకు పాలు ఇంకా పడుతూనే ఉన్నాయి. జాకెట్టు తడిస్తే లేచి లోపలికి పోయి మార్చుకునేది. ఒకరోజు నాతో, "అమ్మా, నా బిడ్డను నెల తక్కువదని రాసిండ్రు. గదన్నా మార్పియ్యే. నిండుగ పుట్టింది గదనే," అంది. దానికి కావలసింది ఆ ఒక్కటే. ఎవరికీ శిక్ష వేయమని అది అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వరదకు ముందు అటక మీదికెక్కించిన బియ్యం డబ్బా దించి బోర్లించాను. సోనోగ్రఫీ కాగితం అడుగున ప్లాస్టిక్ కవరులో అట్లాగే ఉంది.

విచారణ రోజు ప్రమోద్ హాలు వరండాలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తాయీ, తేదీ నేను మార్చలేదు," అన్నాడు. "అది మీరు నమ్మినా నమ్మకపోయినా సరే. కానీ ఆ రోజు ఫోనులో మీ గొంతు వేరుగా ఉంది. సరే సార్ అనేముందు కాసేపు ఆగారు. నేను విన్నాను. విని కూడా బోటు తిప్పలేదు. రోజూ అదే గుర్తొస్తోంది. నన్ను క్షమించండి."

ఈ పిల్లాడు నా దగ్గర క్షమాపణ అడగడమేమిటి దేవుడా!

లోపల పెద్ద టేబుల్ వెనక అధికారులు. మొదటి వరుసలో మారుతి, గిరిజ. వెనక తాయిలందరం. మేలో కూర్చున్నట్టే కూర్చున్నాం, కూలర్ మాత్రం ఆపి ఉంది. నా పేరు పిలిచారు. లిస్టులో తేదీ ఏమని రాసిచ్చారు అని అడిగాడు అధికారి.

"ఆగస్టు పద్దెనిమిది," అన్నాను.

మారుతి గిరుక్కున తిరిగాడు. "అత్తమ్మా?"

"నేనే రాసిన. ఈ సార్ ఏం మార్చలే. అసలు తారీకు జూలై పద్దెనిమిది." సంచిలోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టాను. మరాఠీలో మొదలుపెట్టాను కానీ మధ్యలో తెలుగులోకి జారిపోయాను. వెనక నుంచి ఒక తాయి మరాఠీలో చెబుతూ వచ్చింది. "బోటు సంగతి సార్ నన్ను అడిగిండు. వేరే సంగతి ఉంటే చెప్పుమన్నడు. నేను చెప్పలే. బరువు తూచలేదని రాసిన. తూచకున్నా నా చేతులకు తెల్సు. మూడు కిలోలకు తక్కువ లేదు. నిండు పిల్ల. గా ఫారంల నిండు పిల్ల అని రాయండి సార్."

"తేదీ ఎందుకు తప్పు రాశారు?"

"దిష్టి తగుల్తదని."

హాల్లో ఎవరైనా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. వెనక్కి చూస్తే తాయిలు తలలు దించుకుని ఉన్నారు. గిరిజ మాత్రం నన్నే చూస్తోంది. బడిలో ఫోను చేసినప్పుడు ఎట్లా చూసిందో అట్లాగే చూస్తోంది.

ప్రమోద్‌ను మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. నాకు నోటీసు ఇచ్చారు. తీసేయలేదు, ఇంకొకరు దొరకరు కాబట్టి. ఫారంలో ముప్పై అయిదు కొట్టేసి ముప్పై తొమ్మిది అని రాశారు. గిరిజ ఆ రోజు హాలు నుంచి నేరుగా మారుతి బండి ఎక్కి ఘుగ్గుస్ పోయింది. మారుతి నాతో ఇప్పటికీ మాట్లాడడు. ఆ మరుసటి సోమవారానికి తాలూకాలో పందొమ్మిది తేదీలు మారాయి. అందులో నాలుగు మా వాడవే. ఒక్కొక్కరూ కొంగు నోట్లో పెట్టుకుని వచ్చి, "నిజం రాయక్కా," అన్నారు. రాశాను. ఎవరినీ తిట్టలేదు.

ఎద్దులకు చేసే పోలా పండగ మర్నాడు గిరిజ బట్టల సంచి కోసం వచ్చింది. విచారణ అయిన మూడు వారాల తర్వాత అదే చూడటం. మా అమ్మ దాన్ని పట్టుకుని ఏడ్చింది. అది ఏడవలేదు. తన చీరలు మడత పెట్టుకుంది. పసిదానికని నేను కుట్టిన రెండు బొంతలు కూడా సంచిలో పెట్టుకుంది. అన్నం తినమంటే వద్దంది. నీళ్ళిస్తే తాగింది. చెంబు చేతిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడి వీధిలోకి చూసింది. ఎదురింట్లో పల్లవి కొడుకు ఏడుస్తున్నాడు.

"నన్ను తిట్టన్నా తిట్టు బిడ్డా," అన్నాను.

చెంబులో మిగిలిన నీళ్ళు వాకిట్లో పారబోసింది.

"జీపు గిక్కడ్నే నిలవడె గదమ్మా," అంది. "డ్రైవర్‌కు నీళ్ళు నేనే ఇస్తిని."

చెంబు నా చేతికిచ్చి, సంచి తీసుకుని మెట్లు దిగింది.